కిలోమీటరు లెక్కన టోల్ కట్టడానికి సిద్ధమే, కానీ బండి వెంట నిఘా ఎందుకు?

చౌటుప్పల్_రాజు
మా ఇల్లు చౌటుప్పల్‌లో, పొలం హైదరాబాద్-విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌కు అవతల. ఎరువుల కట్ట తేవాలన్నా, కూలీలను దింపాలన్నా టోల్ దాటాల్సిందే. ఇరవై కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకిచ్చే నెల పాసు తీసుకుంటున్నా, 2025-26లో 350 రూపాయలు. హైవే మీద నేను తిరిగేది కొంచెం దూరమే. అందుకే తిరిగినంత దూరానికే టోల్ అనే మాట విన్నప్పుడు సంతోషించాను. 2024 సెప్టెంబరులో రూల్స్ కూడా మార్చారు. శాటిలైట్ పద్ధతి వస్తే రోజుకు ఒక్కో వైపు 20 కిలోమీటర్ల దాకా టోల్ లేదన్నారు. నాలాంటివాడికి అంతకంటే ఏం కావాలి?
కానీ అందుకోసం కారులో ఒక పెట్టె పెట్టాలట. బండి ఎప్పుడు ఏ రోడ్డెక్కింది, ఎక్కడ దిగింది అంతా అది రాసుకుంటుందట. ఫాస్టాగ్ అయితే టోల్ దగ్గరే చదువుతారు. ఇది రోజంతా వెంట ఉంటుంది. నేను కట్టాల్సింది డబ్బు. నా తిరుగుడు చిట్టా ఎందుకివ్వాలి? తెలిసినవాళ్లు చెప్పండి. ఇది నిజంగా వస్తోందా, ఆగిపోయిందా? వాట్సాప్‌లో రోజుకో మాట వస్తోంది.

ఏలూరు_శ్రీను
మే ఒకటి నుంచి దేశమంతా శాటిలైట్ టోల్ అని 2025లో మా గ్రూపుల్లో కూడా తెగ తిరిగింది. అది అబద్ధం. అలాంటి నిర్ణయం ఏదీ తీసుకోలేదని ఆ ఏప్రిల్‌లోనే కేంద్ర రవాణా శాఖ చెప్పింది.

జీపీఎస్_గోపి
శ్రీను గారు చెప్పింది నిజమే. ఇంకొంచెం వివరంగా చెప్తాను, నేను ఈ రంగంలోనే పనిచేస్తాను.
శాటిలైట్ మన బండిని చూడదు. అది సిగ్నల్ పంపుతుంది, అంతే. ఆ సిగ్నళ్లు అందుకుని తానెక్కడుందో లెక్క కట్టుకునేది కారులోని పెట్టె. దాన్ని సిమ్ ద్వారా సర్వర్‌కు పంపేదీ ఆ పెట్టే. కాబట్టి భయపడాల్సింది ఆకాశంలో ఉన్నదాని గురించి కాదు, సర్వర్ గురించి.
బెంగళూరు-మైసూరు హైవే మీద, హర్యానాలో పానిపట్-హిసార్ మధ్య దీన్ని ప్రయోగాత్మకంగా చూశారు. ఇబ్బందులు చాలానే ఉన్నాయి. హైవే పక్కనే సర్వీస్ రోడ్డు ఉంటుంది. రెండింటి మధ్య దూరం కొన్ని మీటర్లే. సర్వీస్ రోడ్డులో పోయేవాడికి హైవే టోల్ పడితే ఎవరికి చెప్పుకోవాలి? పైగా జీపీఎస్ లాంటి మన సొంత వ్యవస్థ నావిక్ మీద నడపాలంటే ఉపగ్రహాలు సరిపడా ఉండాలి. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి పంపిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది.
ప్రస్తుతం ముందుకొస్తున్నది వేరే పద్ధతి. రోడ్డు మీద పైన కెమెరాలు, ఫాస్టాగ్ రీడర్లు పెడతారు. బండి ఆగదు, గేటు ఉండదు. నంబరు ప్లేటు, ఫాస్టాగ్ రెండూ చదివి డబ్బు తీసుకుంటారు. గుజరాత్‌లో చోర్యాసీ ప్లాజా దగ్గర ముందుగా మొదలుపెట్టే పని చేపట్టారు.

నల్లగొండ_సైదులు
అంటే పెట్టె పోయి కెమెరా వచ్చింది. రాజన్న అడిగిన దానికి జవాబు రాలేదు కదా.

జీపీఎస్_గోపి
తేడా ఉంది సైదులూ. కెమెరా ఉన్నచోటే చూస్తుంది. పెట్టె అన్ని చోట్లా చూస్తుంది.

ఔటర్_మధు
అసలు దూరం లెక్కన టోల్ కట్టడానికి శాటిలైట్ అక్కర్లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చూడండి. 158 కిలోమీటర్లు. ఎక్కినచోట ఫాస్టాగ్ చదువుతారు, దిగినచోట చదువుతారు, మధ్య దూరానికే డబ్బు. 2025 ఏప్రిల్‌లో కారుకు కిలోమీటరుకు 2.44 రూపాయలు చేశారు. నేను రోజూ నానక్‌రామ్‌గూడ వైపు పోతాను. ఎక్కడ ఎక్కానో, ఎక్కడ దిగానో వాళ్లకు తెలుసు. మధ్యలో ఎంత స్పీడులో పోయాను, దిగాక ఎవరింటికి వెళ్లాను అనేది వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.
రాజు గారి మాట సరైనదే. దూరం లెక్క వేరు, వెంబడించడం వేరు. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ.

ఏలూరు_శ్రీను
మధు గారూ, ఔటర్‌కు ఎక్కే దిగే దారులు లెక్క పెట్టినన్నే ఉంటాయి. మా కోల్‌కతా-చెన్నై హైవేకు ప్రతి ఊరి దగ్గరా ఒక సందు. అన్నిచోట్లా రీడర్లు పెట్టగలరా?

ఔటర్_మధు
అన్ని చోట్లా పెట్టలేరు, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడున్న రెండు ప్లాజాల మధ్య ఇంకో రెండు మూడు చోట్ల రీడర్లు పెట్టినా సగం అన్యాయం తగ్గుతుంది. పది కిలోమీటర్లు పోయేవాడు అరవై కిలోమీటర్ల డబ్బు కడుతున్నాడు ఇప్పుడు.

లారీ_వెంకన్న
కార్ల వాళ్లందరూ మాట్లాడారు కాబట్టి మా సంగతి కూడా వినండి. మాకు రెండు లారీలున్నాయి, సూర్యాపేట నుంచి బియ్యం, సిమెంటు తోలుతాం. నిఘా అనేది మీకు కొత్త. మాకు కాదు. జీపీఎస్ మేమే పెట్టించుకున్నాం, డీజిల్ దొంగతనం ఆపడానికి. డ్రైవర్ ఎక్కడ ఆపాడో ఇంట్లో కూర్చుని చూస్తాను. 2021 నుంచి ఈ-వే బిల్లును, అంటే సరుకు తోలడానికి తీసుకునే జీఎస్టీ బిల్లును, ఫాస్టాగ్‌తో కలిపారు. సరుకు ఏ టోల్ ఎప్పుడు దాటిందో పన్ను అధికారులకు కనపడుతుంది. మాకేం నష్టం కాలేదు. బిల్లు లేకుండా తోలేవాళ్లు తగ్గితే నిజాయితీగా తోలేవాళ్లకు కిరాయి నిలుస్తుంది.
మా బాధ వేరే. 2008 టోల్ రూల్స్‌లో మూల రేటు కారుకు కిలోమీటరుకు 65 పైసలు, లారీకి 2 రూపాయల 20 పైసలు, ఎక్కువ చక్రాల బండికి 3 రూపాయల 45 పైసలు. ఏటా మూడు శాతం, దాని మీద టోకు ధరల పెరుగుదలలో కొంత కలిపి పెంచుకుంటూ వస్తున్నారు. కారుకు 3,000 రూపాయలకు ఏడాది పాసు ఇచ్చారు, 2025 ఆగస్టు 15 నుంచి. మాకు? లేదు. 20 కిలోమీటర్ల మినహాయింపు అని రాజు రాశాడు కదా, ఆ రూలు మళ్లీ చదవండి. వేరే రాష్ట్రాలకూ సరుకు తోలే నేషనల్ పర్మిట్ బండ్లకు అది వర్తించదు. మా లారీలు రెండూ నేషనల్ పర్మిట్టే. రోడ్డు అందరిదీ, మినహాయింపు మాత్రం కారుకే.

టాక్సీ_ఖాదర్
వెంకన్న భాయ్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఏడాది పాసు సొంత కారు, జీపు, వ్యానుకే. ఎల్లో ప్లేటు చూడగానే లేదంటారు. విజయవాడ కిరాయి వస్తే పోను రాను టోల్ నా జేబులోంచి కట్టి, తర్వాత ప్యాసింజర్‌ను అడుక్కోవాలి.
ట్రాకింగ్ సంగతి అయితే, టాక్సీలు, బస్సుల్లో ట్రాకర్, పానిక్ బటన్ ఉండాలని 2019 నుంచే కేంద్రం రూలు ఉంది. ఆడపిల్లలు రాత్రిపూట ఎక్కుతారు, ఉండాలి అంటాను నేను. కానీ డ్యూటీ అయిపోయి ఇంటికి పోయే దారి కూడా అందులో పడుతుంది. దాన్ని ఎవరు చూస్తున్నారో ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు.

వైజాగ్_వాసు
ఒక మాట అడుగుతా, ఎవరూ ఏమనుకోవద్దు. జేబులో ఫోన్ పెట్టుకుని, మ్యాప్స్ ఆన్ చేసుకుని, ఫుడ్ యాప్‌కు లొకేషన్ ఇచ్చి, టోల్ పెట్టె దగ్గరకొచ్చేసరికి ప్రైవసీ గుర్తొస్తుందా? సంక్రాంతికి పంతంగి దగ్గర కార్లు బారులు తీరి గంటల తరబడి నిలబడటం కంటే ఏ ట్రాకింగ్ అయినా నయం. తప్పు చేయనివాడికి టెన్షన్ ఎందుకు?

న్యాయవాది_సుధ
వాసు గారూ, ఫోన్ లొకేషన్ ఆపేసే మీట నా చేతిలో ఉంది. యాప్ నచ్చకపోతే తీసేస్తాను. టోల్ పెట్టె ఆపేస్తే రెట్టింపు కట్టాలి, లేదా చట్టం తప్పినట్టు అవుతుంది. ఆ తేడా చిన్నది కాదు.
"తప్పు చేయనివాడికి భయమెందుకు" అనే వాదన సుప్రీంకోర్టు ముందూ నిలవలేదు. 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని తేల్చారు. ప్రభుత్వం అందులోకి రావాలంటే చట్టం ఉండాలి, సరైన కారణం ఉండాలి, అవసరమైనంత మేరకే ఉండాలి. ఈ మూడోది ఇక్కడ చూడాలి. టోల్ వసూలుకు ఎన్ని కిలోమీటర్లు అన్నది చాలు. ఏ నిమిషంలో ఎక్కడున్నారన్నది అక్కర్లేదు. పెట్టె లోపలే లెక్క కట్టి మొత్తం కిలోమీటర్లు మాత్రమే బయటికి పంపించవచ్చు కదా? గోపి గారు చెప్పాలి, అది సాధ్యమేనా?
డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, 2025 నవంబరులో రూల్స్ వచ్చాయి. కానీ ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. నేరాల దర్యాప్తుకు మినహాయింపు ఉంది. ప్రభుత్వం నోటిఫై చేసిన సంస్థలకు ఇంకా పెద్ద మినహాయింపు ఉంది. మా దగ్గరికి వచ్చే విడాకుల కేసుల్లో భర్త ఫాస్టాగ్ చిట్టా తెప్పించండి అని అడిగేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. రేపు పెట్టె వస్తే ఏమడుగుతారో ఊహించండి.

జీపీఎస్_గోపి
సాధ్యమే సుధ గారూ. దారి మ్యాప్ పెట్టెలోనే ఉంచి, లోపలే లెక్క కట్టి, మొత్తాన్ని మాత్రం పంపవచ్చు. పెట్టె ధర కొంచెం పెరుగుతుంది, మ్యాప్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. బిల్లు తప్పని మీరంటే నిరూపించేదెలా? దారి వివరాలు లేకపోతే గొడవ తేలదు. కాబట్టి ఆ వివరాలు మీ దగ్గరే ఉండి, మీరు ఫిర్యాదు చేసినప్పుడే మీ ఇష్టంతో బయటికి రావాలి. అదీ చేయవచ్చు. చేయాలని టెండరులో రాయాలి, అంతే.

వైజాగ్_వాసు
సుధ గారూ, విడాకుల మాట చెప్పి మా ఇంట్లో నన్ను ఇరికించేలా ఉన్నారు. ఈ థ్రెడ్ మా ఆవిడ కూడా చదువుతోంది :)
సీరియస్‌గా చెప్పాలంటే, పెట్టెలోనే లెక్క అంటే నాకూ అభ్యంతరం లేదు. నా వాదన క్యూల గురించి.

హిల్స్‌బరో_ప్రసన్న
అమెరికాలో మా ఒరెగాన్ రాష్ట్రంలో 2015 నుంచి మైలు లెక్కన కట్టే పథకం నడుస్తోంది. స్వచ్ఛందంగా చేరవచ్చు. జీపీఎస్ ఉన్న పరికరం కావాలా, లేనిది కావాలా మనమే ఎంచుకోవచ్చు. జీపీఎస్ లేనిది తీసుకుంటే మైళ్లు మాత్రం లెక్కపెడుతుంది, వేరే రాష్ట్రంలో తిరిగినా లెక్కలో పడుతుంది. బిల్లు పని పూర్తయ్యాక 30 రోజుల్లో లొకేషన్ వివరాలు చెరిపేయాలని చట్టంలోనే ఉంది. మా కార్లలో ఒకటి ఎలక్ట్రిక్, దానికి జీపీఎస్ లేనిదే పెట్టించాం. మా తెలుగువాళ్లలో ఎక్కువ మంది అదే అడుగుతారు. సుధ గారు అడిగినవి ఊహలు కావు, అమల్లో ఉన్నవే.

రెడింగ్_అనిల్
ఇంగ్లండ్‌లో పరికరమే లేకుండా చేస్తామంటున్నారు. 2025 నవంబరు బడ్జెట్‌లో చెప్పారు, 2028 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లకు మైలుకు 3 పెన్నీలు, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లకు ఒకటిన్నర. ట్రాకర్ పెట్టబోమని ముందే ప్రకటించారు. బండి కండిషన్ చూసే ఎంఓటీ అనే ఏటా తనిఖీలో ఓడోమీటర్ చూసి లెక్కేస్తారు. ఏడాదికి పదివేల మైళ్లు తిరిగేవాడికి 300 పౌండ్లు. మా ఆఫీసులో కోపం ట్రాకింగ్ మీద కాదు. మొన్నటిదాకా ఎలక్ట్రిక్ కొనండి అని చెప్పి ఇప్పుడు పన్ను వేస్తారా అని. ఫ్రాన్స్‌లో తిరిగిన మైళ్లకూ ఇక్కడ కట్టాలి, అది ఇంకో బాధ. అయినా నా దారి ఎవరికీ తెలియదు కాబట్టి నేను దీనికే ఓటేస్తాను.

నల్లగొండ_సైదులు
మన దగ్గర ఓడోమీటర్ చూసి పన్నా? సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లను అడగండి, మీటర్ ఎంత వెనక్కి తిరుగుతుందో చెప్తారు.

ఈవీ_కృష్ణ
అనిల్ గారి పాయింట్ మనకూ వస్తుంది, అందుకే రాస్తున్నా. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం. ఏపీలో వ్యాట్‌తో పాటు లీటరుకు ఒక రూపాయి రోడ్డు సెస్ 2020 నుంచి కడుతున్నారు. కేంద్రం రోడ్ల సెస్ వేరే. నా కారు ఎలక్ట్రిక్, వీటిలో ఏదీ కట్టను. తెలంగాణలో రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు కూడా 2026 డిసెంబరు దాకా మాఫీ. నాలాంటివాళ్లు పెరిగేకొద్దీ ఖజానాకు గండి పడుతుంది, దాన్ని కిలోమీటరు లెక్కతోనే పూడుస్తారు. న్యాయంగా అయితే కట్టడానికి నాకు ఇష్టమే, రోడ్డు నేనూ అరగదీస్తున్నాను కదా. కానీ పెట్రోలు వాళ్లకు ఆ సెస్‌లు అలాగే ఉంచి, పైన కిలోమీటరు లెక్క కూడా వేస్తే అది ఒకే రోడ్డుకు రెండుసార్లు వసూలు చేయడం.

లారీ_వెంకన్న
రెండుసార్లు కాదు కృష్ణా, మాకు మూడుసార్లు. మూడు నెలలకోసారి కట్టే క్వార్టర్లీ ట్యాక్సు మర్చిపోయావు.

మార్కాపురం_రవి
అందరూ ఎలా కట్టాలో మాట్లాడుతున్నారు, దేనికి కడుతున్నామో ఎవరూ అడగట్లేదు. గుంతలున్న రోడ్డుకు కిలోమీటరు లెక్కన ఎందుకు కట్టాలి? కేరళలో పాలియెక్కర టోల్ సంగతి చూడండి. రోడ్డు బాగాలేదు, గంటల తరబడి ట్రాఫిక్ అని 2025 ఆగస్టులో హైకోర్టు వసూలే ఆపేసింది. హైవే అథారిటీ సుప్రీంకోర్టుకు వెళ్తే అక్కడా ఊరట దొరకలేదు. అక్టోబరులో గానీ మళ్లీ వసూలు మొదలుకాలేదు. కిలోమీటరు కిలోమీటరుకూ లెక్క తెలిసే సిస్టమ్ వస్తే, పాడైన కిలోమీటర్లకు టోల్ కోత వేయడం కూడా దానికి తెలియాలి. అప్పుడు నేనే ముందు పెట్టె పెట్టించుకుంటాను.

ఔటర్_మధు
రవి గారి మాటతో నాకు పేచీ లేదు, చాలా మంచి పాయింట్. బిల్లు మీద రోడ్డు సంగతి కూడా ఉండాలి.

ఏలూరు_శ్రీను
తప్పుడు కోత గురించి ఎవరూ రాయలేదు. మా బావమరిది కారు భీమవరంలో ఇంటి ముందే ఉంది, ఎక్కడో దూరపు ప్లాజాలో డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఫాస్టాగ్ ఇచ్చిన బ్యాంకు చుట్టూ తిరిగితే వారాల తర్వాత వెనక్కి వేశారు. గేటు దగ్గర మనిషి ఉంటే కనీసం అక్కడే అడగవచ్చు. గేటు తీసేస్తే మెసేజ్ చూసుకున్న తర్వాతే తెలుస్తుంది. నాకు ట్రాకింగ్ కంటే ఇదే ఎక్కువ టెన్షన్.

టాక్సీ_ఖాదర్
నంబరు ప్లేటు మీద బురద పడితే, పక్క బండి నంబరుగా చదివితే? వానాకాలం వస్తోంది అంటేనే భయం.

చౌటుప్పల్_రాజు
చాలా తెలిసింది, అందరికీ కృతజ్ఞతలు. పెట్టె ఇప్పట్లో రాదని అర్థమైంది. మరి నెల పాసు ఆపేసి ఏడాది పాసు తీసుకోమని మా అల్లుడు అంటున్నాడు. తీసుకోనా?

ఔటర్_మధు
వద్దు రాజు గారూ. ఏడాది పాసులో 200 ట్రిప్పులే. ప్లాజా ఒకసారి దాటితే ఒక ట్రిప్పు, పోను రాను రెండు. రోజూ పొలానికి పోతే వంద రోజుల్లో అయిపోతుంది. నెల పాసు 350 లెక్కన ఏడాదికి 4,200 అయినా ఎన్నిసార్లు దాటినా పర్వాలేదు. తరచూ విజయవాడ పోయేవాళ్లకు ఏడాది పాసు లాభం. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర, పోను రాను ఎనిమిది ట్రిప్పులు, 2025 నాటి 3,000 లెక్కన ఒక్కోటి 15 రూపాయలే పడుతుంది. గుర్తుంచుకోండి, ఔటర్ మీద ఆ పాసు చెల్లదు, అది నేషనల్ హైవేలకే.

వైజాగ్_వాసు
రాజు గారి అల్లుడికి ఈ లెక్క మెల్లగా చెప్పండి, పండక్కి వచ్చినప్పుడు అలగకుండా.

న్యాయవాది_సుధ
గేట్లన్నీ ఏడాదిలో తీసేస్తామని 2025 డిసెంబరులో గడ్కరీ గారు పార్లమెంటులో చెప్పారు. కాబట్టి కెమెరాలు అందరికీ వస్తాయి. సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు తయారు చేస్తున్నాను. నంబరు ప్లేటు ఫొటోలు ఎన్ని రోజులు దాచుతారు? పోలీసులు అడిగితే ఏ స్థాయి అధికారి సంతకంతో ఇస్తారు? సివిల్ కేసుల్లో ఇస్తారా? తప్పుడు కోతకు ఎన్ని రోజుల్లో డబ్బు వెనక్కి వేస్తారు? వసూలు చేసే బ్యాంకు ఆ వివరాలను తన వ్యాపారానికి వాడుకోవచ్చా? ఇంకేమైనా అడగాలంటే రేపటిలోగా ఇక్కడే రాయండి.

మార్కాపురం_రవి
రోడ్డు పాడైన భాగానికి టోల్ తగ్గించే రూలు కొత్త పద్ధతిలో పెడుతున్నారా అని చేర్చండి.

జీపీఎస్_గోపి
మళ్లీ శాటిలైట్ పద్ధతి తెస్తే పెట్టెలోనే లెక్క కట్టాలని టెండరులో రాస్తారా అనేది కూడా.

లారీ_వెంకన్న
నేషనల్ పర్మిట్ బండ్లను 20 కిలోమీటర్ల మినహాయింపు నుంచి ఎందుకు తీసేశారో కారణం అడగండి అమ్మా. ఖాదర్ టాక్సీకి ఏడాది పాసు ఎందుకివ్వరో అదే కాగితంలో అడగండి.